సగటు షుగరు

కొత్తగరువులో గంధం సత్తిరాజు కలపని జంట లేదంటారు. ఊళ్ళో పెళ్ళయినవాళ్ళలో సగంమంది ఆయన పేరు చెప్పుకుని సుఖపడుతున్నారు, తక్కిన సగం ఆయన పేరు చెప్పి తిట్టుకుంటున్నారు. రెండింటినీ ఆయన ఒకే చిరునవ్వుతో పుచ్చుకుంటాడు. అబ్బాయికి కోపం జాస్తి అని ఎవరైనా గొణిగితే, అమ్మాయికి చెవులు కాస్త మందమేలెండి అని సర్దిచెప్పగల మనిషి. ఇటు ఎక్కువైంది అటు తక్కువైతే సంసారం ఎలాగోలా నడిచిపోతుందన్నది ఆయన వృత్తిధర్మం.

ఆయన భార్య మాణిక్యానికి షుగరు. మాత్రలకి లొంగే రకం కాదు. పొద్దునా సాయంత్రమూ ఇన్సులిన్ సూది పడాల్సిందే. నెలకోసారి సర్కారు ఆస్పత్రికి వెళ్ళడం, డాక్టరు వకుళ గారు వేలు పొడిచి చూసి "మళ్ళీ పనసతొనలు తిన్నావా?" అని కేకలెయ్యడం, ఈవిడ "ఒక్క తొనేనండీ, అదీ ఎవరో వదిలేస్తే పారేయలేక" అనడం, సీసాలు సంచీలో వేసుకుని ఇంటికి రావడం. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతోంది. ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయేది అధికారుల కంట పడకుండా ఎన్నాళ్ళుంటుంది?

డివిజనుకి స్పెషలాఫీసరుగా విభాకర్ గారు దిగారు. ఆయన ఈమధ్యనే ఏదో దేశంలో వైద్య సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ 'సమన్వయం' అనే మాట చెవిన పడిందట. కొందరికి గాలి సోకినట్టు ఆయనకి ఆ మాట సోకింది. ఆస్పత్రి ఆవరణలో షామియానా వేయించి, మైకు రెండుసార్లు తట్టి, మొదలుపెట్టారు.

"సోదర సోదరీమణులారా! దీర్ఘవ్యాధులకు మన వైద్యం ముక్కచెక్కలుగా ఉంది. సర్కారు ఆస్పత్రిది ఒక దారి, ప్రైవేటుది ఒక దారి, ఆయుర్వేదానిది, హోమియోది, మందుల షాపుది తలో దారి. నేటితో ఆ చీకటియుగం సమాప్తం. ఎక్కడికి వెళ్ళినా ఒకటే కార్డు, ఒకటే కంప్యూటరు, ఒకటే మాట!"

న్యాయం చెప్పుకోవాలి, ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఒకచోట రాసిన మందు ఇంకోచోట తెలియక రోగులు పడే పాట్లు చూసి చూసి విసిగిపోయిన డాక్టరు వకుళ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. విభాకర్ గారు అక్కడితో మైకు వదిలేసి ఉంటే ఊరు ఆయనకి దణ్ణం పెట్టేది. కానీ ఆయన వదల్లేదు.

"వ్యవస్థలను ఏకీకృతం చేసి, రోగులను మాత్రం విడివిడిగా వదిలేస్తే సమన్వయం సగంలో ఆగినట్టు కాదా? కనుక రోగులను సైతం ఏకీకృతం చేస్తున్నాం! తొలి దశలో భార్యాభర్తలు ఒక యూనిట్. ఇద్దరికీ కలిపి ఒక కార్డు, ఒక బీపీ, ఒక షుగరు. అర్ధనారీశ్వర తత్వం మనకు కొత్తదేమీ కాదు."

ఈసారి చప్పట్లు కొట్టినవాడు సత్తిరాజు. ఇద్దర్ని ఒకటి చెయ్యడం తన వృత్తి అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. సర్కారు కూడా ఆ పనిలోకి దిగినందుకు ముచ్చటపడిపోయాడు.

ఆ ముచ్చట వారం తిరక్కుండానే తీరింది. ఆస్పత్రిలో ఇద్దరి వేళ్ళూ పొడిచారు. మాణిక్యానికి రెండొందల ఇరవై. సత్తిరాజు మజ్జిగన్నం మనిషి, ఆయనకి ఎనభై. కంప్యూటరు రెండూ కలిపి సగం చేసి నూట యాభై అంది.

"భోజనం తర్వాత నూట యాభై అంటే భేషండీ. మీ యూనిట్‌కి షుగరు లేదు" అన్నాడు కంప్యూటరు ముందు కూర్చున్న ఆపరేటరు.

"మరి నా సూదిమందో?" అంది మాణిక్యం.

"లేని రోగానికి మందేంటండి?"

డాక్టరు వకుళ గారు లేచి వచ్చారు. మందుల బీరువాకి అప్పటికే పైవాళ్ళు కొత్త తాళం వేయించారు. కంప్యూటరు ఒప్పుకుంటే తప్ప అది తెరుచుకోదు. ఆవిడ తాళాన్ని పట్టుకుని లాగి చూసి, చెయ్యి నొప్పెట్టి వదిలేశారు. "బయట కొనుక్కో మాణిక్యమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు.

బయటంటే ఎక్కడ? మందుల షాపువాడు కార్డు నంబరు కొట్టి చూసి, "మీ ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారండి. మీకిస్తే నా లైసెన్సు పోద్దండి" అన్నాడు. ప్రైవేటు ఆస్పత్రిలో అదే కంప్యూటరు, అదే మాట. చివరికి ఆయుర్వేదం ఆచారిగారు కూడా నాడి పట్టుకోబోయి, కార్డు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నాడి ఏం చెప్పినా ఇప్పుడు చెల్లదు నాయనా, ముందు కార్డు చెప్పాలి" అన్నారు దిగులుగా. అన్ని వైద్యాలూ ఒక్క మాట మీదకి రావడం దేశచరిత్రలో అదే మొదలు. ఇంట్లో మాణిక్యానికి మిగిలింది ఒకే ఒక సీసా, అదీ అడుగంటింది.

సత్తిరాజు స్పెషలాఫీసరు దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యా, నాది మంచి సుగరేనండి, కాదన్ను. కానీ నా ఒంట్లో మంచి దాని ఒంట్లోకి ఎల్లదు కదండీ? సూది లేపోతే మనిషి పడిపోద్దండి."

"ఇది ముక్కచెక్కలుగా ఆలోచించే పాత ధోరణి" అన్నారు విభాకర్ గారు జాలిగా. "అయినా మాది మానవీయ కోణం గల పథకం. పన్నెండో నిబంధన ప్రకారం, ఇరుపక్షాల అంగీకారంతో, ఆరోగ్య నిమిత్తం మాత్రమే, ఒక వ్యక్తి వేరొక వ్యక్తితో అనుసంధానం కావచ్చును. దాంపత్యానికి ఎట్టి భంగమూ వాటిల్లదు."

"అంటే మా ఆవిడకి నేనే ఇంకో సంబంధం చూడాలాండి?"

"అనుసంధానం అనండి" అని సరిదిద్దారాయన.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మాణిక్యం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇన్నేళ్ళకి నాకు మంచి సంబంధం చూస్తానంటున్నారు. ఈ ఆలోచనేదో అప్పుడే వచ్చుంటే బాగుండేది కదండీ!"

సత్తిరాజుకి నవ్వు రాలేదు. కానీ సీసాలో మందు ఆయన బాధ కోసం ఆగదు. తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఊళ్ళో ఎవరికి ఎంత షుగరుందో కూపీ లాగితే అందరి వేళ్ళూ ఒకే ఇంటి వైపు చూపించాయి. కాజాల కొట్టు వీరభద్రం. భార్య పోయింది, ఒంటరివాడు, సొంత సరుకు రుచి చూడందే అమ్మని నిజాయితీపరుడు. అతని తరఫున అక్కగారు మాటలకి కూర్చుంది.

"మావాడికి మూడొందల ఎనభైకి ఎప్పుడూ తగ్గలేదండి. మా నాన్నగారి నుంచి వస్తున్న సుగరు. మీవాళ్ళకెంతండి?"

"రెండొందల ఇరవై అండి. మందు ఆగితే ఇంకా పెరుగుద్దండి, అందులో ఢోకా లేదు" అన్నాడు సత్తిరాజు.

ఆవిడ మూతి విరిచింది. "మా అంతస్తుకి తక్కువేనండి. పోనీ బీపీ ఏవైనా కలిసొస్తుందా?"

"బీపీ లేదండి. మోకాళ్ళ నొప్పులున్నాయండి, రెండిటికీ."

"మొన్న మూడొందల పాతిక సంబంధం ఒకటి వచ్చిందండి, వద్దన్నాం. మనిషి మంచిది కాదంట. మీ ఆవిడ నెమ్మదస్తురాలని విన్నాం కాబట్టి ఆలోచిస్తాం."

జీవితంలో ఎన్నో చోట్ల ఆడపిల్లవాళ్ళని ఇలా బతిమాలించిన సత్తిరాజు, ఆ పూట బతిమాలడం ఎలా ఉంటుందో తెలుసుకున్నాడు. చివరికి వీరభద్రమే లోపల్నుంచి వచ్చి, "ఎందుకక్కా ఆయన్ని ఏడిపిస్తావు, నాకు సమ్మతమేనండి" అన్నాడు. ఆస్పత్రిలో ఇద్దరి వేళ్ళూ పక్కపక్కన పెట్టి పొడిచారు. సగటు మూడొందలు. బీరువా టక్కున తెరుచుకుంది. మాణిక్యం చేతిలో సీసా పడేసరికి సత్తిరాజు ప్రాణం లేచొచ్చింది. కార్డు మీద ఆవిడ పేరు పక్కన వీరభద్రం పేరు అచ్చయి రావడం చూసేసరికి మళ్ళీ కూలబడింది. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. బాధ అని చెప్పుకోడానికి సిగ్గేసి, పప్పులో ఉప్పెక్కువైందన్నాడు.

ఈ కబురు ఊరంతా పాకింది. మర్నాటికల్లా సత్తిరాజు అరుగు మీద జనం. పెళ్ళి సంబంధాలు పక్కన పెట్టేసి అందరూ షుగరు సంబంధాలే అడుగుతున్నారు. జాతకాల బదులు రక్తపరీక్ష కాగితాలు పట్టుకొచ్చి "కలిశాయా?" అంటున్నారు. నాలుగొందలున్నవాడు మీసం మెలేస్తున్నాడు. రోజూ నడిచి, నోరు కట్టుకుని షుగరు తగ్గించుకున్న లెక్కల మేష్టారిని మాత్రం పలకరించే దిక్కు లేదు. "కాస్త పెంచుకుని రండి మేష్టారూ, చూద్దాం" అని సత్తిరాజే రెండుసార్లు తిప్పి పంపాల్సొచ్చింది. నెల తిరిగేసరికి ఎక్కువవాళ్ళు ఎక్కువవాళ్ళతో, తక్కువవాళ్ళు తక్కువవాళ్ళతో జతపడిపోయారు. అందరికీ ఎవరి మందు వాళ్ళకి అందుతోంది.

అందరికీ మందు అందుతున్నదంటే పథకం విఫలమైనట్టే కదా! విభాకర్ గారి ఆఫీసు గోడ మీద మందుల ఖర్చు చూపించే గీత పైకి పాకింది. ఆయన అత్యవసర సమావేశం పెట్టారు.

"ప్రజలు సమన్వయ స్ఫూర్తిని దుర్వినియోగం చేస్తున్నారు. యూనిట్ చిన్నదైనకొద్దీ రోగం పెద్దదిగా కనిపిస్తుంది. ఇది మన అవగాహనా లోపం. నేటి నుంచి యావత్ డివిజనూ ఒకే యూనిట్!"

లంక గ్రామాల్లో గట్టిగా కష్టపడి గంజి తాగేవాళ్ళున్నారు, మెట్టలో రోజంతా గొడ్ల వెంట నడిచేవాళ్ళున్నారు, బడిపిల్లలున్నారు, చంటిపిల్లలున్నారు. అందరి నెత్తురూ కలిపి కంప్యూటరు భాగించింది. నూట పద్దెనిమిది వచ్చింది. డివిజను ఆరోగ్యంగా ఉంది. బీరువా మూసుకుంది. ఈసారి సత్తిరాజు సంబంధం చూడ్డానికి ఇంకో డివిజను లేదు.

డాక్టరు వకుళ గారు ఉండబట్టలేక ఆఫీసుకి వెళ్ళారు. "సార్, ఆ మాణిక్యమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి. నాలిక పిడచకట్టుకుపోతోంది. ఇంకెన్నాళ్ళో ఆగదు."

"డివిజనుకి తిరగడం లేదు కదా డాక్టర్?" అన్నారు విభాకర్ గారు. "ఇంతకీ ఆదివారం విజయోత్సవ సభ. తొట్టతొలి ఏకీకృత జంటగా ఆ భార్యాభర్తలిద్దర్నీ సన్మానిస్తున్నాం. భోజనాల ఏర్పాటు ఆ సత్తిరాజుకే అప్పగించండి. పెళ్ళిళ్ళ మనిషి, వంటవాళ్ళందరూ ఎరుకే."

సత్తిరాజు మొదట వెళ్ళనన్నాడు. మాణిక్యమే లేచి చీర మార్చుకుంది. "ఎల్దారండి. అందరి ముందూ అడిగితే కాదనలేరేమో" అంది. ఆవిడ నడుస్తుంటే మధ్యమధ్యలో ఆయన భుజం పట్టుకోవాల్సొచ్చింది. అంత భయం సత్తిరాజుకి ఎన్నడూ వెయ్యలేదు.

సభ ఘనంగా జరిగింది. శాలువా కప్పి, మాణిక్యాన్ని రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు దగ్గర కాసేపు ఊపిరి పీల్చుకుంది.

"నాకు ఉపన్యాసాలు రావండి. నా సూది నాకిప్పించండి."

విభాకర్ గారు నవ్వుతూ మైకు అందుకున్నారు. "అమ్మా, యూనిట్‌కి స్వస్థత చేకూరితే మీకు చేకూరినట్టే. ఇది సమష్టి దృక్పథం."

"ఏమో బాబూ. మా ఆయన బోంచేస్తే నా కడుపు నిండదు కదండీ" అంది మాణిక్యం, నిజంగానే అర్థంకాక.

జనం ఘొల్లుమన్నారు. విభాకర్ గారూ నవ్వి, "మన పల్లెల హాస్యచతురతకు ఇదొక నిదర్శనం" అని, తర్వాతి శాలువా అందుకున్నారు. నవ్వనివాడు ఒక్క సత్తిరాజే. ఆయన మెల్లగా వేదిక దిగి వంటశాల వైపు నడిచాడు.

భోజనాలు మొదలయ్యాయి. పనసపొట్టు కూర, పులిహోర, పూర్ణం బూరెలు, వాటిలో చిల్లు పెట్టి నెయ్యి. బంతి మీద బంతి లేస్తోంది. అధికారుల కోసం వేరే బల్లలు వేశారు, ఆకులు వేశారు, నీళ్ళు చల్లారు. అంతే. వడ్డించేవాళ్ళు బకెట్లతో వాళ్ళ పక్క నుంచే వెళ్తున్నారు, వాళ్ళ ముందు మాత్రం వంగడం లేదు. కాసేపటికి బకెట్లు కూడా కనిపించడం మానేశాయి.

"ఏమయ్యా సత్తిరాజూ, మాకు వడ్డించరా?" అన్నారు విభాకర్ గారు.

సత్తిరాజు చేతులు కట్టుకుని వినయంగా వచ్చి నిలబడ్డాడు. "వడ్డన అయిపోయిందండి."

"మాకు మెతుకు పడలేదే!"

"డివిజనంతా ఒకటే మనిషి కదండీ. ఆ మనిషి సుబ్బరంగా తిన్నాడండి. బూరెలైతే సగటున మూడేసి పడ్డాయండి. తమరూ తిన్నట్టేనండి. ఇక కిళ్ళీ తెమ్మంటారా?"

పక్కనున్న అధికారులు లేచి అరిచారు. విభాకర్ గారు కూడా అరవడానికి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయారు. ఆయనకీ షుగరే, ఆయన మాత్రలు మాత్రం పట్నం నుంచి వస్తాయి. భోజనానికి ముందు వేసుకునే మాత్ర ఆకు వేసినప్పుడే వేసుకున్నారు. నుదుటి మీద చెమటలు పట్టాయి, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. సత్తిరాజు అది చూశాడు గాని కోపం అనుకున్నాడు.

మాణిక్యం అనుకోలేదు. ఆవిడకి ఆ చెమట తెలుసు. దూరంగా కుర్చీలో జారగిలబడి ఉన్న మనిషి లేచి తడబడుతూ వచ్చింది.

"ఏవండోయ్! చాల్లెండి మీ ఏళాకోళం! మాత్రేసుకుని కాళీ కడుపుతో కూకున్నాడాయన. ఆ చెయ్యి చూడండి. పడిపోతాడు!"

తనే వంటశాలలోకి వెళ్ళి బూరె పట్టుకొచ్చి విభాకర్ గారి అరచేతిలో పెట్టింది. "తినండి బాబూ. మాటాడకండి, ముందు తినండి." ఆయన తిన్నారు. ఇంకోటి పెట్టింది, అదీ తిన్నారు. వణుకు తగ్గింది. సత్తిరాజు తల వంచుకుని పక్కన నిలబడ్డాడు. ఎంత కోపమున్నా మనిషి ప్రాణం మీదకి తెద్దామనుకోలేదు.

"ఇందాకట్నుంచీ ఊరంతా తిన్నారు బాబూ" అంది మాణిక్యం. "మీకు వణుకు తగ్గింది మాత్రం మీరు తిన్నాకే కదా?"

విభాకర్ గారు ఆవిడ మొహం వంక చూశారు. పెదవులు పగిలి, కళ్ళు గుంటలు పడ్డ ఆ మొహాన్ని సన్మానం చేసినప్పుడు కూడా చూడలేదాయన. "మీరు సూది వేసుకుని ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నారు, మామూలు మనిషిలా.

డాక్టరు వకుళ గారు ఆ అదను వదల్లేదు. ఆఫీసరు గారి చేతే ఫోను చేయించి, ఆ పూటకి బీరువా తెరిపించి, మాణిక్యానికి అక్కడికక్కడే సూది వేశారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇక ఎవరి రోగం వాళ్ళదవుతుందని అందరూ సంబరపడ్డారు.

కానీ ఆయన రెండో రోజుకి మళ్ళీ ఆఫీసరయ్యారు. అనుభవాన్ని అనుభవంగా వదిలేస్తే ఉద్యోగం ఎందుకు? సవరణ ఉత్తర్వు వచ్చింది. 'భోజనమునకును, ఔషధమునకును గల సంబంధము క్షేత్రస్థాయిలో రుజువైనందున, విడిగా భోజనము చేయువారిని విడి రోగులుగా పరిగణించవలెను. విడిగా భోజనము చేయుచున్నట్లు నిదర్శనముగా ప్రతి రోగియు తన పేరు గల కంచమును చూపవలెను.'

మర్నాడు ఆస్పత్రి ముందు కంచాల బారు. తోసుకుంటుంటే ఒకటే గలగల. వీరభద్రం వెండికంచం తెచ్చాడు, లెక్కల మేష్టారు టిఫిను గిన్నె మూత తెచ్చి వాదిస్తున్నాడు. మాణిక్యం వంతు వచ్చింది. ఆపరేటరు కంచం తిరగేసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది చెల్లదండి. ఇద్దరి పేర్లున్నాయి."

పెళ్ళిలో సత్తిరాజు మేనమామ చదివించిన స్టీలు కంచం. వెనక చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: 'గంధం సత్తిరాజు, మాణిక్యం'. అరిగినా చదవడానికి వస్తున్నాయి.

"ఉమ్మడి కంచానికి ఉమ్మడి రోగమేనండి" అన్నాడు ఆపరేటరు. "వేరే కంచం తెచ్చుకోండి."

ఇంట్లో వెతికితే పళ్ళేలూ గిన్నెలూ చెంబులూ అన్నిటి మీదా ఇద్దరి పేర్లే. సత్తిరాజు గిన్నెల కొట్టుకి వెళ్ళాడు. అక్కడా జనమే. కొట్టువాడు కొత్త కంచం తీసి, పేర్లు కొట్టే మిషను చేతిలోకి తీసుకున్నాడు. సత్తిరాజు ఆ కొట్టుకి పాత బేరమే. కుదిర్చిన ప్రతి జంటకీ పక్కపక్కన రెండు పేర్లు కొట్టించిన కంచం ఇక్కణ్ణించే పంపుతాడు.

"చెప్పండి సత్తిరాజుగారూ, ఏయే పేర్లు?"

సత్తిరాజు అలవాటుకొద్దీ రెండు వేళ్ళు ఎత్తి, ఒకటి ముడిచేశాడు.

"మాణిక్యం" అన్నాడు చివరికి. "అంతేనండి. పక్కన ఏమీ వద్దు."

కంచం చూపించగానే బీరువా తెరుచుకుంది. నెలకి సరిపడా మందు వచ్చింది. ఇంటికొచ్చి మాణిక్యం సూది వేసుకుంది, అన్నం వండింది. సత్తిరాజు కొత్త కంచం కడిగి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టి, పాత కంచంలోనే ఇద్దరికీ కలిపి వడ్డించింది. వేడన్నం మీద పప్పు వేసి కలుపుతూ, తలెత్తకుండా అంది.

"వీధి తలుపేసి రండి. ఎవరైనా చూస్తే మళ్ళీ మందు ఆపేస్తారు."

సత్తిరాజు వెళ్ళి గడియ పెట్టి వచ్చి, పక్కన కూర్చున్నాడు.